స్వాహిలి నేర్చుకోవడానికి ముప్పై రోజుల గడువు దేనికి?

సంపాదకులకు,

ఆర్యా,

పలాస, సోంపేట, కంచిలి పరిసరాల్లో గోడల మీద ఈ మధ్య కొత్త రకం కాగితాలు కనిపిస్తున్నాయి. తూర్పు ఆఫ్రికా దేశాల్లో వెల్డర్లకు, ఫిట్టర్లకు, రిగ్గర్లకు పని సిద్ధంగా ఉందనీ, బయలుదేరే ముందు 30 రోజుల్లో స్వాహిలి మాట్లాడడం నేర్పి పంపుతామనీ వాటి సారాంశం. రుసుము ఎంతో కాగితం మీద ఉండదు, ఫోను చేసినవారికి చెబుతారు. నేను ఐటీఐలో వెల్డింగు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లల్లో కొందరు టాంజానియా, కెన్యాలలో పనిచేసి తిరిగి వచ్చారు, కొందరు ఇంకా అక్కడే ఉన్నారు. వారి మాటలు విని ఆసక్తి కలిగి నేను కూడా విశ్రాంత జీవితంలో ఆ భాషను తీరిక దొరికినప్పుడల్లా నేర్చుకుంటూ వస్తున్నాను. ఆ కాగితాలు చదివి డబ్బు కట్టబోయే యువకులకు మీ పత్రిక ద్వారా ఒక్క మాట చెప్పదలచుకున్నాను. స్వాహిలి మనవారికి కొరుకుడుపడని భాష కాదు గానీ, గడువు పెట్టి గొంతులో పోయగలిగింది కూడా కాదు. ఎవరి వీలును బట్టి వారు, పుస్తకం కంటే ముందు చెవితోనూ నోటితోనూ, అక్కడ పనిచేసి వచ్చిన మన ఊళ్ల వాళ్ల దగ్గరే నేర్చుకోవచ్చు.

ముందుగా ఆ భాష విస్తృతి గురించి రెండు మాటలు. టాంజానియా, కెన్యాలకు అది జాతీయ భాష. ఉగాండా, రువాండా, బురుండి, కాంగో తూర్పు ప్రాంతాల్లో కూడా దానితో పని జరుగుతుంది. మాట్లాడేవారు 20 కోట్లకు పైగా ఉంటారని యునెస్కో అంచనా. 1954 జూలై 7న టాంజానియా నేత జూలియస్ నైరేరే నాయకత్వంలోని పార్టీ స్వాతంత్ర్య పోరాటానికి ఈ భాషను సాధనంగా ఎంచుకున్నందుకు గుర్తుగా, 2021లో యునెస్కో జూలై 7ను ప్రపంచ స్వాహిలి భాషా దినంగా ప్రకటించింది. 2022లో ఆఫ్రికా సమాఖ్య కూడా స్వాహిలిని తన అధికార వ్యవహార భాషల్లో చేర్చుకుంది.

"అక్కడ ఇంగ్లీషు నడుస్తుంది, మీకేం భయం లేదు" అని ఏజెంట్లు చెప్పే మాట సగమే నిజం. టాంజానియాలో ప్రాథమిక విద్య స్వాహిలిలో సాగుతుంది, ఇంగ్లీషు బోధనా భాషగా వచ్చేది ఉన్నత పాఠశాలలో. అందువల్ల ఇంజనీరుతోనూ ఆఫీసు గుమాస్తాతోనూ ఇంగ్లీషులో మాట్లాడవచ్చు గానీ, పైపు రెండో చివర పట్టుకున్న హెల్పరుతో, గేటు దగ్గర కాపలావాడితో, కూరగాయలు అమ్మే ఆవిడతో, దార్ ఎస్ సలామ్‌లో దలదలా అని పిలిచే చిన్న బస్సు కండక్టరుతో మాట్లాడవలసింది స్వాహిలిలోనే. పని స్థలంలో ప్రమాదం జరిగేది ఇంజనీరు గదిలో కాదు, పైపు రెండు చివరల మధ్య. నా దృష్టిలో ఈ భాష అవసరమంతా అక్కడే ఉంది.

అందుచేత మొదట నేర్వవలసిన మాటలు పర్యాటకుల పుస్తకాల్లో ఉండే మాటలు కావు. క్రేను కింద నిలబడే మనిషికి "ఇనూవ" అంటే ఎత్తమనీ, "శూశ" అంటే దించమనీ, "వూత" అంటే లాగమనీ, "సుకూమ" అంటే నెట్టమనీ తెలియాలి. "సిమామ" అంటే ఆగు, "ఆచ" అంటే వదిలెయ్యి, "న్గోజ" అంటే ఉండు. "హతారి" అంటే ప్రమాదం. విద్యుత్ స్తంభాల మీద, ట్రాన్స్‌ఫార్మర్ల మీద రాసి ఉండేది ఆ మాటే. "జూ" పైన, "చీని" కింద, "మోతొ" నిప్పు, "ఉమేమె" కరెంటు. ఇలాంటి మాటలు ఒక పాతిక నోటికి వచ్చి, అవతలివాడు అరిచినప్పుడు ఆలోచించకుండా ఒళ్లు కదిలేటంతగా చెవికి అలవాటు పడితే, ఆ మనిషి మొదటి నెల క్షేమంగా గడుస్తుంది. వీటితో పాటు "సిఎలేవి", అంటే "నాకు అర్థం కాలేదు", "సేమ తేన పోలెపోలె", అంటే "మెల్లగా ఇంకోసారి చెప్పు" అనే రెండు వాక్యాలు తప్పనిసరి. 30 రోజుల పాఠాల కాగితాలు ఒకటి రెండు తెప్పించి చూశాను. వాటిలో హోటల్లో గది అడగడం, ఏనుగులు చూడడానికి వెళ్లడం ఉన్నాయి గానీ పైపు దించమనడం లేదు.

ఆ తరవాత నేర్వవలసింది వేళ చెప్పే పద్ధతి. ఇక్కడ పొరబడితే జీతం కోతే. స్వాహిలిలో గంటలను అర్ధరాత్రి నుంచి, మధ్యాహ్నం నుంచి లెక్కపెట్టరు, సూర్యోదయ సూర్యాస్తమయాల నుంచి లెక్కపెడతారు. భూమధ్యరేఖకు దగ్గరి దేశాలు కాబట్టి ఏడాది పొడుగునా పొద్దు దాదాపు ఒకే వేళకు పొడుస్తుంది, ఒకే వేళకు గూకుతుంది. ఆ లెక్క అక్కడ చక్కగా కుదురుతుంది. మన గడియారంలో ఉదయం ఏడు గంటలు వారికి "సా మోజ", అంటే ఒకటో గంట. "సా మ్‌బిలి అసుబూహి" అంటే మాటకు మాట పొద్దున్న రెండు గంటలు, మన లెక్కలో ఎనిమిది. మధ్యాహ్నం పన్నెండు వారికి "సా సీత", ఆరో గంట. వినగానే ఆరు గంటలు కలుపుకోవడమో తీసుకోవడమో చేయడం మొదట్లో తడబాటుగా ఉంటుంది గానీ, పంచాంగంలో సూర్యోదయాది గడియలు చూసే ఇళ్లలో పెరిగిన మనకు ఈ లెక్క వెనకనున్న ఆలోచన కొత్తది కాదు. దీన్ని కూడా తరగతి గదిలో ఒక పూటలో "పూర్తి" చేయలేము. రోజూ గడియారం చూసినప్పుడల్లా స్వాహిలిలో పైకి చెప్పుకోవడం ఒక్కటే మార్గం. దానికి ఏ ఫీజూ లేదు.

పలకరింపుల దగ్గర కూడా కొంచెం ఆగాలి. టాంజానియాలో వయసులో పెద్దవారు ఎదురైతే చిన్నవారు "శికమో" అనాలి, పెద్దవారు "మరహబ" అని అందుకోవాలి. ఇది తప్పితే మర్యాద తెలియని మనిషిగా లెక్కగడతారు. ఆ తరవాత ఇంటి సంగతులు, పని సంగతులు, పొద్దుటి సంగతులు ఒక్కొక్కటిగా "హబారి", అంటే విశేషాలు, అనే మాట కలిపి అడుగుతారు. తిన్నగా విషయానికి రావడం అక్కడ మొరటుతనం. ఉద్దానం ఊళ్లలో తోటలోకి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి పిల్లల గురించి, వానల గురించి అడిగాకే వచ్చిన పని అడిగే పద్ధతి ఇంకా ఉంది కాబట్టి, మనవారు ఇందులో త్వరగా ఇమిడిపోతారు. పనిచేస్తున్న మనిషి పక్కగా వెళ్లేటప్పుడు "పోలె న కాజి" అనడం, అంటే పడుతున్న శ్రమకు సానుభూతి తెలపడం, నాకు ఎంతో నచ్చిన ఆచారం. మన పని స్థలాల్లో ఇలాంటిది లేదు.

ఇక భాష నిర్మాణం. తెలుగువారికి స్వాహిలి ఏ మేరకు సులభమో, ఎక్కడ ఎదురు తిరుగుతుందో తెలుసుకుంటే ఎవరి వేగాన్ని వారే నిర్ణయించుకోగలరు. మాటలు మన మాటల్లాగే అచ్చులతో ముగుస్తాయి. అచ్చులు ఐదే, రాసినది రాసినట్టే పలుకుతారు, ఊనిక దాదాపు ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగులతో బాల్యమంతా కుస్తీ పట్టిన మన పిల్లలకు ఇదొక వరం. హిందూ మహాసముద్రం మీది వర్తకం వల్ల పైసాకు సంబంధించిన "పేస", రంగుకు "రాంగి", చాయ్, చపాతీ, బీమా వంటివి ఆ భాషలో మనకు పరిచయమున్న రూపాల్లోనే ఉన్నాయి. లక్షకు అక్కడ వాడుక మాట "లాకి". టాంజానియా షిల్లింగు విలువ తక్కువ కాబట్టి ఆ మాట రోజూ అవసరమవుతుంది, మనవాళ్ల నోట అది వెంటనే నిలుస్తుంది.

క్రియాపదం దగ్గర ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది. "చదివాను, చదివావు, చదివారు" అన్నప్పుడు కర్త ఎవరో క్రియ చివర మనకు తెలిసిపోతుంది, వేరే సర్వనామం అక్కరలేదు. స్వాహిలిలోనూ అంతే గానీ, ఆ గుర్తు క్రియ ముందు చేరుతుంది. "సోమ" చదవడం, "నినసోమ" చదువుతున్నాను, "ఉనసోమ" చదువుతున్నావు, "వనసోమ" చదువుతున్నారు. నడిమి "న" స్థానంలో "లి" పెడితే గడిచిన కాలం, "త" పెడితే రాబోయే కాలం. "నిలిసోమ" చదివాను, "నితసోమ" చదువుతాను. ఈ ఒక్క మూస పట్టుబడితే పది క్రియలతో వంద వాక్యాలు అల్లుకోవచ్చు. ఇంగ్లీషు ద్వారా నేర్పే బోధకులు "ఐ, యు, హి" అని మొదలుపెట్టి ఈ దగ్గరి దారిని మూసేస్తున్నారని నా అభిప్రాయం. స్వాహిలి పాఠాలు తెలుగు ద్వారానే చెప్పాలి.

ఎదురు తిరిగేవి రెండు. మొదటిది పలుకుబడి. "మ్‌బిలి", "న్‌డీజి" వంటి మాటల్లో అనునాసికం మాట మొదట్లోనే హల్లుతో కలిసి వస్తుంది. మనవాళ్లు ముందు ఒక "ఎ" చేర్చి "ఎంబిలి", "ఎండీజి" అంటారు. అది పోవాలంటే నెలల తరబడి వినాలి. రెండోది నామవాచకాల తరగతులు. మనిషి "మ్‌తు", మనుషులు "వాతు"; పుస్తకం "కితాబు", పుస్తకాలు "వితాబు". ఏకవచన బహువచనాలు మాట ముందు భాగాన్ని మార్చడంతో ఆగిపోక, విశేషణాన్ని, క్రియను కూడా తమ వెంట లాక్కుపోతాయి. మంచి పుస్తకం "కితాబు కిజూరి", మంచి పుస్తకాలు "వితాబు విజూరి", మంచి మనిషి "మ్‌తు మ్‌జూరి", మంచి మనుషులు "వాతు వజూరి". ఇటువంటి తరగతులు ఇంకా ఎన్నో ఉన్నాయి. త్వరపెట్టే పాఠాలు వీటిని ఒకే పట్టికగా ముందర పెట్టి విద్యార్థిని బెదరగొడతాయి, లేదా అసలు చెప్పకుండా దాటేస్తాయి. మనుషుల తరగతి ఒక్కటే పట్టుకుని, అది నోట నిలిచాక వస్తువుల తరగతికి వెళ్లడం ఉత్తమం. మధ్యలో తప్పులు దొర్లుతాయి, అయినా అవతలివారికి అర్థమవుతుంది. వెల్డింగులో రూట్ పాస్, అంటే అతుకు అడుగున వేసే మొదటి వరస, సరిగ్గా పడకపోతే పైన ఎన్ని పాసులు వేసినా ఎక్స్‌రేలో దొరికిపోతుందని మా పిల్లలకు చెప్పేవాణ్ణి. భాషలోనూ మొదటి వరస అటువంటిదే.

ముప్పై రోజుల లెక్క ఎందుకు నిలవదో చూద్దాం. అమెరికా ప్రభుత్వం తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ, ఇంగ్లీషు మాతృభాషగా గలవారు స్వాహిలిలో వృత్తికి చాలినంత పట్టు సాధించడానికి సుమారు 36 వారాలు, 800కు పైగా తరగతి గంటలు కావాలని లెక్క వేసింది. ఆ చదువరులకు చదువే ఉద్యోగం. అదే సంస్థ తెలుగుకు సుమారు 44 వారాలు, వెయ్యికి పైగా గంటలు కేటాయించిందని తెలిస్తే పాఠకులు కొంచెం గర్వపడవచ్చు. రోజుకు రెండు గంటల చొప్పున నెల రోజులు చెబితే 60 గంటలు. మన వెల్డరుకు దౌత్యవేత్త స్థాయి అక్కరలేదు, నిజమే. అతనికి కావలసిన భాషకు అందులో మూడో వంతు కాలం చాలుననుకున్నా నెలలో తేలదు. ఆ కాలాన్ని ఏడాదికి పరిచి, రోజూ పని ముగిశాక కాసేపు విని కాసేపు మాట్లాడితే, ఒంటికి భారం లేకుండా పని జరుగుతుంది. ఒక వారం పెళ్లి వల్లనో కోతల వల్లనో తప్పిపోయినా కొంప మునగదు, మరుసటి వారం విడిచినచోటే అందుకోవచ్చు. డబ్బు కట్టి చేరిన తరగతిలో ఆ వారం తప్పినవాడు ఇక మళ్లీ అందుకోలేడు, సిగ్గుపడి మానేస్తాడు.

తన వేగంతో నేర్వడమంటే అందరూ ఒకే సరుకును నెమ్మదిగా నేర్వడం అని కూడా కాదు. పలాస, కాశీబుగ్గల్లో జీడి పరిశ్రమ నడిపేవారికి టాంజానియా దక్షిణాన ఉన్న మ్‌ట్వారా, లిండి ప్రాంతాల జీడిపిక్కల సంగతి బాగా తెలుసు. అక్కడి సరుకులో అధిక భాగం ఒలవకుండానే మన దేశానికి, వియత్నాంకు వస్తుంది. ఆ వర్తకుడికి కావలసింది అంకెలు, తూకం, తేమ, ధర. "కొరోశొ" అంటే జీడిపప్పు అని, "బెయి గాని" అంటే ధర ఎంత అని నేర్చుకుని ఫోనులో రెండు మాటలు సొంతంగా మాట్లాడగలిగితే మధ్యవర్తి మాట మీద పూర్తిగా ఆధారపడనక్కరలేదు. భర్తతో పాటు వెళ్లబోయే ఇల్లాలికి బజారు, ఆసుపత్రి మాటలు ముందు కావాలి. 2023లో ఐఐటీ మద్రాసు టాంజానియాలోని జాంజిబార్‌లో శాఖను ప్రారంభించింది కాబట్టి, అక్కడికి వెళ్లే విద్యార్థికి తరగతిలో ఇంగ్లీషు సరిపోయినా వీధిలో స్వాహిలి కావాలి. పైగా ప్రామాణిక స్వాహిలికి ఆధారం జాంజిబార్ పట్టణపు మాండలికమే. వీరందరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పడంలో అర్థం లేదు.

వినడానికి సాధనాలకు కొదవ లేదు. బీబీసీ స్వాహిలి ప్రసారాలు 1957 నుంచి నడుస్తున్నాయి, ఇప్పుడు ఫోనులోనే వినవచ్చు. జర్మనీ ప్రసార సంస్థ డాయిష్ వెల్లె కూడా ఆ భాషలో వార్తలు ఇస్తుంది. పైన చెప్పిన అమెరికా సంస్థ 1960లలో తయారుచేసిన స్వాహిలి పాఠాలు ధ్వనితో సహా ఉచితంగా దొరుకుతున్నాయి. కాలం చెల్లిన మాటలు కొన్ని ఉన్నా, ఒకే వాక్యాన్ని ఒక్కొక్క ముక్క మార్చి మార్చి పలికించే వాటి పద్ధతి ఇప్పటికీ మేలైనది. ఫోను యాప్‌లు మాటలు గుర్తుపెట్టుకోవడానికి పనికివస్తాయి గానీ, అవి మనిషిని మాట్లాడించలేవు. వేలితో నొక్కి మార్కులు తెచ్చుకున్నవాడు మనిషి ఎదురుపడితే నోరు తెరవలేక నిలబడిపోవడం చూశాను.

మనిషి ఎదురుపడాలి. ఇక్కడ మన జిల్లాకే చెందిన గిడుగు వెంకట రామమూర్తి గారిని తలచుకోకుండా ఉండలేను. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, వ్యావహారిక భాషోద్యమం గురించి ఉపన్యాసాలు ఇస్తాం. ఆయన సవర భాష నేర్చుకున్న తీరును మాత్రం వేదికల మీద అంతగా చెప్పరు. పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ, ఆ భాషకు పుస్తకమూ లిపీ లేని కాలంలో, సవర భాష తెలిసిన మనిషిని ఇంట ఉంచుకుని, అతని నోటి నుంచి విని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి సవరల మధ్య కూర్చున్నారు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిన్నా ఆ పని విడవలేదు. 19వ శతాబ్దం చివర్లో మొదలైన ఆ పని 1931లో సవర వ్యాకరణం అచ్చయ్యే దాకా సాగింది. ఆయనకు ఎవరూ గడువు పెట్టలేదు. గ్రాంథికం కాదు, వాడుక భాషే బడిలో ఉండాలని తెలుగు కోసం పోరాడిన మనిషి, పరాయి భాషనూ వాడుక నుంచే పట్టుకున్నారు.

అలా నోటితో స్వాహిలి నేర్పగల మనుషులు నేడు మన మధ్యనే ఉన్నారు. కవిటి, ఇచ్ఛాపురం, మందస వైపు ఊళ్లలో తూర్పు ఆఫ్రికాలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చి కొబ్బరి తోటలు చూసుకుంటున్నవారు నాకే కొందరు తెలుసు. వారికి వ్యాకరణం తెలియదు, పత్రం లేదు, కొందరు పదో తరగతి కూడా దాటలేదు. కాని టాంజానియాలోని మ్వాంజా సంతలో బేరమాడగల స్వాహిలి వారి నోట ఉంది. ఏ శిక్షణ సంస్థ వారిని పిలిచి ఒక గంట మాట్లాడించినట్టు నేను వినలేదు. వారి భాషలో కెన్యా పట్టణాల యాస, కాంగో సరిహద్దు యాస కలిసి ఉండవచ్చు. నేర్చుకునేవారు రేడియోలో వినే టాంజానియా ప్రామాణిక రూపాన్ని పక్కన పెట్టుకుంటే ఆ తేడా సరిదిద్దుకోవచ్చు.

అందువల్ల నా విన్నపాలు రెండు. జిల్లా గ్రంథాలయ సంస్థ వారు పలాస, సోంపేట, ఇచ్ఛాపురం శాఖల్లో వారానికి ఒక సాయంత్రం ఒక గదిని ఈ పనికి ఇవ్వాలి. అక్కడ చేరిక తేదీ, ముగింపు తేదీ, హాజరు పట్టీ, పరీక్ష ఉండకూడదు. తిరిగివచ్చిన కార్మికుల్లో ఇష్టపడేవారికి ప్రయాణ ఖర్చులిచ్చి కూర్చోబెట్టి, వచ్చినవారు ఎంతమందైతే అంతమంది, ఎవరికి కావలసిన మాటలు వారు అడిగి పలకడమే అక్కడి పాఠం. ఆదివారం కంటే శనివారం సాయంత్రం మేలు, ఎందుకంటే ఆదివారం పెళ్లిళ్లు, సంతలు ఉంటాయి.

రెండోది మీకు. జిల్లా అనుబంధంలో వారానికి ఒకసారి అరచేయంత చోటు ఇచ్చి పదేసి స్వాహిలి వాక్యాలను తెలుగు లిపిలో, తెలుగు అర్థంతో ప్రచురించగలరేమో పరిశీలించండి. మొదటి కొన్ని వారాలకు పని స్థలంలో అవసరమయ్యే వాక్యాలు నేను రాసి ఇవ్వగలను. వాటిని అక్కడ పనిచేసి వచ్చిన ఇద్దరు ముగ్గురి చేత చదివించి, పలుకుబడి సరిచూసిన తరవాతే మీకు పంపుతాను.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత ఐటీఐ బోధకుడు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా.